ట్రాక్టరును మోసే ట్రైలరు: కొక్కెం ఎక్కడ ఉండాలి?

దేశ రాజధాని ప్రాంతంలో పేరున్న ట్రాక్టర్ కర్మాగారాలు రెండున్నాయి. ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ కుబోటా సంస్థ ఫార్మ్‌ట్రాక్, పవర్‌ట్రాక్ ట్రాక్టర్లను తయారు చేస్తోంది. గ్రేటర్ నోయిడాలో న్యూ హాలండ్ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. ఫరీదాబాద్‌ను ఆనుకుని వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, నాగ్‌పూర్ దాటి ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా సాగుతుంది. ఒక్క హైదరాబాద్‌కే సుమారు 1,600 కిలోమీటర్లు. ట్రాక్టరు నిదానంగా నడిచే యంత్రం, దాని టైర్లు పొలం కోసం చేసినవి. అందుకే అంత దూరం అది సొంత చక్రాల మీద రాదు, మరో వాహనం మీద ఎక్కి వస్తుంది.

కర్మాగారం నుంచి డీలరుకు వెళ్లే కొత్త ట్రాక్టర్లే కాదు, చేతులు మారే పాత ట్రాక్టర్లు, అద్దె యంత్రాల కేంద్రాల ట్రాక్టర్లు, మరమ్మతుకు వెళ్లేవి కూడా ఇలాగే ప్రయాణిస్తాయి. వాటిని తీసుకెళ్లే ట్రైలరును వాహనానికి ఎక్కడ తగిలించాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ రెండు మూడు టన్నుల బరువు వేగంగా కదులుతున్నప్పుడు, ముందు వాహనం డ్రైవరు చెప్పినట్టు వింటుందా లేదా అన్నది చాలావరకు ఆ తగిలింపు మీదే ఆధారపడి ఉంటుంది. ఎదురుగా వచ్చే మోటారు సైకిలు మీది మనిషి ప్రాణం కూడా దాని మీదే ఆధారపడుతుంది.

రెండు పద్ధతులు

అమెరికా రైతులు ఈ ఎంపికను రెండు పేర్లతో పిలుస్తారు. మొదటిది బంపర్ పుల్. ఇందులో ట్రైలరు ముందున్న కడ్డీ వాహనం వెనక భాగంలోని కొక్కేనికి తగులుతుంది. పేరులో బంపర్ అని ఉన్నా, కొక్కేన్ని నిజానికి బిగించేది బంపర్‌కు కాదు, దాని కింద ఉన్న ఛాసిస్‌కు. రెండోది గూస్‌నెక్. ఇందులో ట్రైలరు ముందు భాగం బాతు మెడలా పైకి లేచి, వంగి, పికప్ వాహనం తొట్టి మధ్యలో, వెనక ఇరుసుకు సరిగ్గా పైన గానీ కాస్త ముందు గానీ ఉన్న గుండు మీద కూర్చుంటుంది.

గూస్‌నెక్ తగిలించిన పికప్ మన రోడ్ల మీద దాదాపు కనిపించదు. అయితే ఆ సూత్రం మనకు కొత్తది కాదు. హైవేల మీద తిరిగే పెద్ద ట్రైలరు లారీలు పనిచేసేది ఆ సూత్రం మీదే. ముందు ఇంజిను లారీ, దాని వెనక ఇరుసుల మీద ఒక గుండ్రటి ఇనుప పళ్లెం, అందులో దిగి తిరిగే కింగ్ పిన్, ఆ పిన్ను మీద వాలిన పొడవాటి ట్రైలరు. ఆ పళ్లేన్ని ఫిఫ్త్ వీల్, అంటే అయిదో చక్రం అంటారు. గుర్రపు బండ్లలో ముందు ఇరుసు అటూ ఇటూ తిరగడానికి అడ్డంగా అమర్చిన చక్రం నుంచి ఆ పేరు వచ్చింది. బంపర్ పుల్‌కు మన దగ్గరి బంధువు ట్రాక్టరు వెనక పిన్నుకు తగిలించే ట్రాలీ.

1988 నాటి మోటారు వాహనాల చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. తన బరువులో కొంత భాగాన్ని లాగే వాహనం మీద మోపేలా, ఒక భాగం ఆ వాహనం పైకి వచ్చేలా నిర్మించిన దాన్ని ఆ చట్టం సెమీ ట్రైలర్ అంటుంది. సెమీ ట్రైలర్, సైడ్ కార్ కాకుండా మోటారు వాహనం లాగే మిగతావన్నీ ట్రైలర్లే.

సెమీ ట్రైలర్ పుట్టుకకు కారణం కూడా ఇలాంటి అవసరమే. 1914లో డెట్రాయిట్ నగరంలో ఒక కలప వ్యాపారి తన పడవను తీసుకెళ్లే ఉపాయం చెప్పమని ఆగస్ట్ ఫ్రుహాఫ్ అనే కమ్మరిని అడిగాడు. ఆయన ఫోర్డ్ మోడల్ టి కారు వెనక భాగం మీద వాలే బండిని తయారు చేశాడు. తర్వాత అదే పద్ధతిలో కలప మోసే బండ్లు వచ్చాయి, ఆయన పేరుతో పెద్ద ట్రైలర్ల సంస్థ వెలసింది.

ఎడ్లబండి నేర్పే పాఠం

రెండు చక్రాల ఎడ్లబండికి సరుకు ఎత్తేవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. బరువంతా వెనక్కి పేరిస్తే కాడి పైకి లేస్తుంది, ఎద్దులకు పట్టు దొరకదు. బరువంతా ముందుకు తోస్తే మెడల మీద భారం పడి ఎద్దులు ఈడ్వలేవు. ఇరుసుకు కొద్దిగా ముందు బరువు ఉండేలా సర్దితే బండి సాఫీగా నడుస్తుంది.

ట్రైలరు విషయంలోనూ అంతే. ఎద్దుల మెడ ఉన్న చోట ఇక్కడ కొక్కెం ఉంది. కొక్కెం మీద నిలువుగా పడే బరువును కొక్కెపు బరువు అనుకుందాం. బంపర్ పుల్ ట్రైలరుకు అది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, గూస్‌నెక్‌కు 15 నుంచి 25 శాతం ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. గూస్‌నెక్‌కు ఎక్కువ ఎందుకు చెల్లుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది.

లాగే వాహనం ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు అనుకుందాం. కొక్కెం వెనక ఇరుసుకు 1.2 మీటర్లు వెనక ఉంది. దాని మీద 360 కిలోల బరువు పడింది. వెనక ఇరుసు తూగుబల్ల ఆధారంలా పనిచేస్తుంది. బరువును దూరంతో గుణిస్తే వచ్చే భ్రామకం ముందు చక్రాలను పైకి ఎత్తజూస్తుంది. 360ని 1.2తో గుణించి 3తో భాగిస్తే 144 వస్తుంది. అంటే ముందు చక్రాల మీద 144 కిలోల భారం తగ్గింది. వెనక ఇరుసు మీద 360 కాదు, 504 కిలోలు అదనంగా పడ్డాయి. మలుపు తిప్పే చక్రాలు ముందువే. బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేవీ అవే. వాటి మీద భారం తగ్గితే రోడ్డు మీద వాటి పట్టూ తగ్గుతుంది.

ఇప్పుడు కొక్కేన్ని వెనక ఇరుసుకు 10 సెంటీమీటర్లు ముందుకు తెద్దాం. గూస్‌నెక్ ట్రైలరు బరువు కాబట్టి ఈసారి 700 కిలోలు మోపుదాం. 700ని 0.1తో గుణించి 3తో భాగిస్తే సుమారు 23. ముందు చక్రాల మీద భారం తగ్గలేదు సరికదా, 23 కిలోలు పెరిగింది. మిగతా 677 కిలోలు వెనక ఇరుసు మీద పడ్డాయి. బరువు దాదాపు రెట్టింపైనా స్టీరింగు పట్టు చెక్కుచెదరలేదు. తగిలింపును ఇరుసు మీదికి తేవడం వల్ల వచ్చే మొదటి లాభం ఇది.

తోక ఊగితే

రెండో లాభం మరింత ముఖ్యమైనది. ఈదురుగాలికో గుంతకో పక్కనుంచి దూసుకుపోయిన బస్సు గాలికో ట్రైలరు తోక కుడికి జరిగిందనుకుందాం. ట్రైలరు తన చక్రాల మీద తిరుగుతుంది కాబట్టి దాని ముక్కు ఎడమకు నెడుతుంది. కొక్కెం వాహనం వెనక ఇరుసుకు దూరంగా ఉంటే ఆ నెట్టుడుకు మీట దొరికినట్టే. వాహనం వెనక భాగం ఎడమకు, ముందు భాగం కుడికి తిరుగుతుంది. డ్రైవరు కంగారుగా ఎడమకు తిప్పుతాడు. ఆ సరికి ట్రైలరు రెండోవైపు ఊగడం మొదలుపెడుతుంది. డ్రైవరు సరిదిద్దుతున్న ప్రతిసారీ ఒక అడుగు ఆలస్యమే.

ఇది ఊయల లాంటి కదలిక. తక్కువ వేగంలో టైర్ల పట్టు ఊపును తగ్గిస్తూ పోతుంది, రెండు మూడు ఊపుల్లో అంతా సర్దుకుంటుంది. వేగం ఒక హద్దు దాటాక ఊపు తగ్గడానికి బదులు పెరుగుతూ పోతుంది. ఆ హద్దు ప్రతి జతకూ వేరు. ట్రైలరు బరువు, పొడవు, టైర్లలో గాలి, బరువు సర్దిన తీరు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి.

తగిలింపు వెనక ఇరుసు మీదే ఉంటే ట్రైలరు నెట్టుడు నేరుగా ఇరుసు చక్రాల మీద పడుతుంది. మీట పొడవు దాదాపు సున్నా. వాహనం ముఖం పక్కకు తిరగదు, ఊపును పెంచే గొలుసు మధ్యలోనే తెగిపోతుంది. గూస్‌నెక్, ట్రైలరు లారీలు హైవే మీద నిలకడగా నడవడానికి ప్రధాన కారణం ఇదే.

కొక్కెపు బరువుకూ ఈ ఊపుకూ కూడా సంబంధం ఉంది. బాణానికి ములుకు బరువు ముందు ఉంటుంది, ఈకలు వెనక ఉంటాయి. అందుకే అది నేరుగా పోతుంది. ట్రైలరులో ఈకల పని టైర్లది. మొత్తం బరువు కేంద్రీకృతమైన బిందువు, అంటే గరిమనాభి, టైర్లకు ముందుంటే పక్కకు జరిగిన తోకను టైర్లు తిరిగి దారిలోకి తెస్తాయి. గరిమనాభి టైర్ల వెనక్కి పోతే తిరగేసి వదిలిన బాణమే.

ట్రాక్టరు బరువు ఎక్కడుంది?

ఇటుకలు, బస్తాలు అయితే ట్రైలరు నిండా సమంగా పరచవచ్చు. ట్రాక్టరు అలా కాదు. రెండు చక్రాల డ్రైవ్ ట్రాక్టర్లలో సాధారణంగా బరువులో 60 నుంచి 65 శాతం వెనక ఇరుసు మీద ఉంటుంది. ఉదాహరణకు 2,100 కిలోల ట్రాక్టరు, ఇరుసుల మధ్య దూరం 2.1 మీటర్లు, వెనక ఇరుసు మీద 62 శాతం బరువు అనుకుంటే, దాని గరిమనాభి వెనక ఇరుసుకు 80 సెంటీమీటర్లు ముందు ఉంటుంది. అంటే కంటికి కనిపించే మధ్య భాగానికి 25 సెంటీమీటర్లు వెనక.

దీన్ని 900 కిలోల బంపర్ పుల్ ట్రైలరు మీద ఎక్కిద్దాం. కొక్కెం నుంచి ట్రైలరు ఇరుసుకు 4 మీటర్లు. ఖాళీ ట్రైలరే కొక్కెం మీద 100 కిలోలు మోపుతోంది. ట్రాక్టరు ముఖం ముందుకు ఉంచి, దాని గరిమనాభి ట్రైలరు ఇరుసుకు అర మీటరు ముందు ఉండేలా నిలిపితే కొక్కెం మీద మరో 262 కిలోలు చేరతాయి. మొత్తం 362. మూడు వేల కిలోల్లో 12 శాతం. సరిగ్గా సరిపోయింది.

ఇక్కడి నుంచి మూడు చిన్న మార్పులు చేసి చూడండి.

ఒకటి: ట్రాక్టరును 70 సెంటీమీటర్లు వెనక్కి నిలపండి. గరిమనాభి ట్రైలరు ఇరుసు దాటి 20 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. కొక్కెపు బరువు దాదాపు సున్నా. చూడటానికి ట్రాక్టరు ట్రైలరు మీద చక్కగానే కూర్చుని ఉంటుంది.

రెండు: ట్రాక్టరును అవే టైరు గుర్తుల మీద వెనక్కి తిప్పి, అంటే ముఖం ట్రైలరు తోక వైపు ఉండేలా నిలపండి. గరిమనాభి అర మీటరు ముందుకు వస్తుంది. కొక్కెపు బరువు 362 నుంచి 625 కిలోలకు, అంటే 21 శాతానికి ఎగబాకుతుంది. బంపర్ పుల్ కొక్కేనికి ఇది మితిమీరిన భారం.

మూడు: ట్రాక్టరు మొదటి స్థానంలోనే ఉంది, కానీ వెనక 450 కిలోల రోటవేటరు తగిలించి ఉంది. రోటవేటరు బరువు ట్రాక్టరు వెనక ఇరుసుకు ఒక మీటరు వెనక పడుతుందనుకుంటే కొక్కెపు బరువు సుమారు 216 కిలోలకు పడిపోతుంది. మొత్తం 3,450 కిలోల్లో అది 6 శాతమే. పట్టు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపిన ట్రాక్టరుదీ ఇదే దారి.

గూస్‌నెక్ ఈ తప్పులను కొంతవరకు ఓర్చుకుంటుంది. కొక్కెం నుంచి ట్రైలరు ఇరుసుకు దూరం ఎక్కువ కాబట్టి ట్రాక్టరు కాస్త అటూ ఇటూ జరిగినా కొక్కెపు బరువు అంతగా మారదు. అలాగని బరువు తోక మీద వేస్తే దాని నిలకడా తగ్గుతుంది. ఎంత మంచి తగిలింపైనా సర్దుడుకు ప్రత్యామ్నాయం కాదు.

గరిమనాభి ఎక్కడుందో ఊహించుకోనక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ఇస్తుంది. మొత్తం బరువు, ఒక్కో ఇరుసు మీద పడే భారం, గరిమనాభి స్థానం వాటిలో ఉంటాయి.

కొక్కెపు బరువును కొలవడం కూడా తేలికే. ఢిల్లీ చుట్టుపక్కల రోడ్ల మీద ధరమ్ కాంటా అని రాసి ఉండే వేబ్రిడ్జిలు, మన ఊళ్ల దగ్గరి లారీ కాటాలు ఇందుకు చాలు. ముందు లాగే వాహనాన్ని ఒంటరిగా తూచాలి. తర్వాత ట్రాక్టరు ఎక్కించిన ట్రైలరును తగిలించి, ట్రైలరు చక్రాలు కాటా బయట ఉండేలా మళ్లీ వాహనాన్ని తూచాలి. రెండింటి తేడాయే కొక్కెపు బరువు.

మలుపుల్లో మాట వేరు

అన్ని చోట్లా గూస్‌నెక్‌దే పైచేయి కాదు. వాహనం వెనక ఇరుసు 10 మీటర్ల వ్యాసార్ధంతో మలుపు తిరుగుతోందనుకుందాం. పైన చెప్పిన 4 మీటర్ల బంపర్ పుల్ ట్రైలరు ఇరుసు దాదాపు 9.2 మీటర్ల వ్యాసార్ధంలో వస్తుంది. అంటే మలుపు లోపలికి ముప్పావు మీటరు మాత్రమే కోసుకుంటుంది. కొక్కెం నుంచి ఇరుసుకు 6.5 మీటర్లున్న గూస్‌నెక్ 7.6 మీటర్ల వ్యాసార్ధంలో వస్తుంది. లోపలికి 2.4 మీటర్లు కోసుకుంటుంది. పొడవు పెరగడం ఒక కారణం, కొక్కెం ఇరుసు మీదికి రావడం మరో కారణం.

ఈస్టర్న్ పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. కుండ్లీ, గాజియాబాద్, పల్వల్‌లను కలుపుతూ ఢిల్లీని తాకకుండా వెళ్లే ఈ 135 కిలోమీటర్ల రోడ్డు 2018లో ప్రారంభమైంది. కానీ ఎక్స్‌ప్రెస్‌వే దిగి పల్లె సందులో మలుపు తిరగాలంటే ఆ 2.4 మీటర్లలో ఎవరి ప్రహరీ గోడో, విద్యుత్ స్తంభమో, పక్కన నిలబడ్డ మనిషో ఉండవచ్చు. పొలం గట్ల మధ్య దారికీ ఇదే వర్తిస్తుంది.

గూస్‌నెక్ బరువు కూడా ఎక్కువ. కొక్కెపు భారం లాగే వాహనం మీద సరుకులా లెక్కకు వస్తుంది. లారీ ఇరుసుల విషయంలో 2018 జూలైలో సవరించిన పరిమితుల ప్రకారం నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 11.5 టన్నులు, జంట ఇరుసులకు 21 టన్నులు, మూడు ఇరుసులకు 27 టన్నులు. కింగ్ పిన్ మీద వాలిన బరువు కూడా ఈ పరిమితుల్లోనే ఇమడాలి.

ఏది ఎప్పుడు?

ఒక్క ట్రాక్టరును తీసుకెళ్లాలంటే మన దేశంలో ట్రైలరు కన్నా దాని బరువును మోయగల లారీయే తేలిక. మధ్యలో తిరిగే కీలు లేదు కాబట్టి తోక ఊగే ప్రశ్నే లేదు. ఎక్కించడం మాత్రం కష్టం. 1.2 మీటర్ల ఎత్తు లారీకి 3 మీటర్ల ర్యాంపు వేస్తే వాలు దాదాపు 24 డిగ్రీలు. వెనక బరువు ఎక్కువున్న ట్రాక్టరు ముఖం పైకి పెట్టి ఎక్కితే ముందు చక్రాలు లేచి వెనక్కి పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. లారీని మట్టి దిబ్బకు ఆనించి సమతలంగా ఎక్కించే పల్లె పద్ధతి అన్నిటికన్నా సురక్షితం.

తక్కువ దూరం, తక్కువ వేగం, ఇరుకు దారులు, తరచూ తగిలించి విప్పే పని అయితే కొక్కెం ట్రైలరు సరిపోతుంది. దాని అంచు కిందికి ఉంటుంది కాబట్టి ఎక్కించడమూ సులువే. షరతు ఒకటే: కొక్కెపు బరువు 10 శాతానికి తగ్గకూడదు.

ఒకటి కన్నా ఎక్కువ ట్రాక్టర్లు, వందల కిలోమీటర్లు, హైవే వేగం అయితే ఇరుసు మీద వాలే సెమీ ట్రైలరే సరైనది. గూస్‌నెక్ పికప్‌ను విదేశీ వీడియోల్లో చూసి ఇక్కడ వెల్డింగ్ షాపులో కొక్కెం అతికించడం మాత్రం ఎంపిక కానే కాదు. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ ఛాసిస్ ఆ చోట ఆ బరువుకు తట్టుకునేలా రూపొందినది కాదు. లాగగల బరువు ఎంతో వాహన పత్రాల్లో లేకపోతే దానితో లాగకపోవడమే మంచిది.

బయలుదేరే ముందు

రోటవేటరును విప్పి విడిగా, ట్రైలరు ఇరుసుకు దగ్గరగా పెట్టాలి. ట్రాక్టరును గేరులో ఉంచి, చేతి బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టాలి. కట్టే గొలుసులు ఎంత గట్టివి కావాలో ఒక కొలత ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం సరుకు బరువులో 0.8 వంతు బలం ముందుకు లాగినా, 0.5 వంతు బలం వెనక్కో పక్కకో లాగినా కట్లు నిలవాలి. మన 2,100 కిలోల ట్రాక్టరుకు ముందువైపు అది 1,680 కిలోల బలం. నైలాన్ తాడు పని కాదిది. నాలుగు మూలలా నాలుగు గొలుసులు వేసి, పది ఇరవై కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆగి బిగుతు చూడాలి. టైర్లు అణిగి లేస్తుంటే కట్లు వదులవుతాయి.

దారిలో తోక ఊగడం మొదలైతే స్టీరింగును గట్టిగా, తిన్నగా పట్టుకుని యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీయాలి. సడన్ బ్రేకు వేయకూడదు, వేగం పెంచి సరిచేయాలని చూడకూడదు, ఎదురు తిప్పకూడదు. ట్రైలరుకు విడి బ్రేకు ఉంటే దాన్ని మాత్రమే నెమ్మదిగా వాడవచ్చు. 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న శక్తి 40లో ఉన్నదానికి రెండుంపావు రెట్లు. ఊపు ఆగాక రోడ్డు పక్కన నిలిపి, ట్రాక్టరు ఉన్న చోటు నుంచి జరిగిందేమో కొలిచి చూసి, సరిచేశాకే మళ్లీ కదలాలి.